లోతు తప్పిన గొర్రెలు

"మళ్లీ ఎందుకొచ్చేవే? నిన్ను పనిలోంచి తీసీసేనని సెప్పేనా లేదా?"

యేసురత్నం వర్క్‌షాపు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన దగ్గర చెక్కపని చేసే గంగ గొడుగు ముడుస్తూ మెట్టు మీదే ఆగిపోయింది.

"ఓపాలి మిషను సూసి ఎల్తాను బాబాయ్."

"నువ్వు సూసింది సాలు. ఆదివారం చర్చి ప్రతిష్ఠ. గోడకి బిగించాల్సిన గొర్రెల కాపరి బొమ్మ పలకని నాశనం సేసి పెట్టేవు. బతిమాలితే పని తిరిగొస్తాదనుకున్నావేటి?"

గంగ ఆయన మొహంలోకి చూసింది. "సరే బాబాయ్" అని, మళ్లీ గొడుగు విప్పుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

యేసురత్నం విసురుగా తలుపు వేసి రౌటర్ మిషను దగ్గరికి వచ్చాడు. కంప్యూటర్లో బొమ్మ పెడితే అదే చెక్క మీద అటూ ఇటూ తిరిగి ఉబ్బెత్తుగా చెక్కుకుంటూ పోతుంది. ఎదుటి గోడకు పాడైన పలకలు ఆనించి ఉన్నాయి. మూడు. ఒక్కటే పాడైందనుకున్నాడు. అంటే తనకు తెలియకుండా ఇంకో రెండు కూడా తగలేసిందన్నమాట!

మూడింటిలోనూ ఒకటే తప్పు. ఎడమవైపు గొర్రెలు లోతుగా కోసుకుపోయి వీపుల్లో గుంటలు పడ్డాయి. కుడివైపువి గోటితో గీసినట్టు పైపైనే ఉన్నాయి. మధ్యలో కాపరి ఒక్కడే కుదురుగా వచ్చాడు.

"శ్రద్ధ లేని పని" అని గొణుక్కుంటూ ఆయన కొత్త పనస పలక బిగించాడు. మిషనుకు చెక్కను కోసే కొత్త బిట్టు పెట్టాడు. తన చేత్తోనే అన్నీ సరిచూసుకుని మిషను నడిపాడు.

మధ్యాహ్నం పొట్టు ఊదేసి చూశాడు. ఎడమవైపు గుంటలు, కుడివైపు గీతలు.

ఈసారి గంగ చెయ్యి పడలేదు.

యేసురత్నం ఒక్కొక్కటీ చూడడం మొదలుపెట్టాడు. బిట్టు గట్టిగానే ఉంది. పలకను పట్టి ఉంచే క్లాంపులు కదల్లేదు. పలక మందం నాలుగు మూలలా కొలిచాడు, తేడా లేదు. పలక తీసి పక్కన పెట్టాడు. కింద పరిచిన బోర్డు మధ్యలో, బిట్టు కింద ఒక కాగితం పెట్టి, అది రాసుకుంటూ జారేంత ఎత్తులో బిట్టును ఆపాడు. అదే ఎత్తులో ఎడమ చివరికి తీసుకెళితే కాగితం దూరనే లేదు. కుడి చివర నాలుగు మడతలు పెట్టినా వదులుగా జారిపోయింది.

వంగి బోర్డు అంచును వేళ్లతో తడిమాడు. ఎడమవైపు గోడ వానలకు చెమ్మ పట్టి ఉంది. ఆ చెమ్మ తాగి బోర్డు ఆ పక్కంతా ఉబ్బిపోయింది. కింద నుంచి బోర్డు పలకను పైకి నెట్టేస్తుంటే బిట్టు లోతుగా దిగక ఏం చేస్తుంది?

గంగ ఈ సంగతి ముందే చెప్పింది.

"బోర్డు ఉబ్బినట్టుంది బాబాయ్. పైన ఓ పొర సెక్కీసి సమం సేసీద్దాం" అంది. "కొత్త బోర్డుని సెక్కీమంటావేటి? నువ్వు నాకు పని నేర్పుతావా?" అని నోరు మూయించింది తనే. పలక పాడయ్యాక పాస్టరు గారి ఎదురుగా చేతకానిదన్నాడు.

ఆయన మిషను కట్టేశాడు. బోర్డు సంగతి తర్వాత. ముందు ఆ పిల్లతో మాట్లాడాలి.

గొడుగు కూడా తీసుకోకుండా బయల్దేరాడు. కాఫీ తోటల మధ్య దారంతా బురద. రెండు చోట్ల కాలు జారింది. కొండ మీద గంగ ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. గంగ తల్లి పైడమ్మ వసారాలో స్టూలు వేసి ఉంచింది. ఎవరో చుట్టం వస్తున్నట్టున్నారు అనుకున్నాడు.

"కూకో అన్నా" అంది పైడమ్మ.

గంగ లోపల్నుంచి వచ్చింది. ఆయన కూర్చోలేదు.

"తప్పు నాదేనే గంగా. బోర్డు ఉబ్బిపోయింది. నువ్వు సెప్తే ఇన్లేదు. పాస్టరు గారి ముందు నిన్ను నానా మాటలూ అన్నాను."

రెండు చేతులూ జోడించాడు. గంగ గబగబా వచ్చి ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

"నాకు కోపం లేదు బాబాయ్."

పైడమ్మ పక్కకు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమెనూ ఇంత బాధపెట్టానా అని ఆయనకు సిగ్గేసింది.

"రేపొద్దున్న బేగి వొచ్చీ. ఇద్దరం కలిసి బోర్డు సమం సేద్దాం."

"వొస్తాను."

"ఇయ్యాల పొద్దున్న నీ మొహమ్మీద తలుపేసీసేను. అయినా కోపం లేదంటే ఎలా నమ్మేది? తిట్టు. గట్టిగా తిట్టు. అప్పుడుగానీ నా మనసు కుదుటపడదు."

గంగ ఆయన్ని మెల్లిగా స్టూలు మీద కూర్చోబెట్టింది. తువ్వాలు తెచ్చి తడిసిన తల తుడుస్తూ, చిన్న గొంతుతో అంది.

"ఈ మాట సెప్పడానికి నువ్విలా కొండెక్కి రావడం ఇయ్యాల్టికి మూడోరోజు, బాబాయ్."