కోడలి ఇంటర్వ్యూ

“అనుభవం ఉందా?” ఆఫీసరులా కళ్లజోడు సవరించుకుని అడిగింది కోడలు.

“పులికి కాపలా కాశానండీ. నన్ను చూసి అదే బోనులో దూరి గడియ పెట్టుకుంది.”

“రేపు అక్కడా ఇలాగే కోతలు కోస్తే వాచ్‌మన్ ఉద్యోగం వచ్చినట్టే మామయ్యా!”

ఫ్యాక్టరీ మూతపడ్డాక మావాడు ఎక్కని ఆఫీసు మెట్టు లేదు, దొరికిన పనీ లేదు. ఇప్పుడు పక్క గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“ఈ వయసులో ఉద్యోగమెందుకని అడుగుతారు...” కోడలు గొంతు తగ్గించింది.

పక్క గదిలో అడుగులు ఆగాయి.

“పొద్దున్నే మావాడు ఉద్యోగానికి వెళ్లిపోతాడండీ. ఇంట్లో ఒక్కడినే తోచక వచ్చాను.”

కోడలు కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. “ఆ కోత మాత్రం ఉంచండి మామయ్యా,” అంది.

మావాడు తన ఇంటర్వ్యూ చొక్కా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

“చేతులు నీకు పొడుగవుతాయి నాన్నా, మడిచి వేసుకో.”