సీటు ఎత్తు

"సీటు దించు మామా, నాకు కాళ్లు అందవు," అంది లూదియా. రేపటి నుంచి ఆళ్లగడ్డ ఆసుపత్రిలో ఆమెకు డ్యూటీ. రోజూ పోయి రావడానికి ఉన్నది చనిపోయిన నాయన సైకిలే.

సైకిలు షాపు మాబాషా ముందుచక్రం వంకర తీశాడు. చైనుకు నూనె పెట్టాడు. సీటు దగ్గర ఆగాడు.

"లారీ గుద్దినంక దీన్ని ఎవరన్నా ముట్టుకున్యారా?"

"లేదు మామా. గోడకే ఆనిచ్చి ఉండాది."

"ఎక్కి చూడు."

ఎక్కింది. రెండు పాదాలూ నేలకు ఆనాయి. నాయన యెషయా ఆరడుగుల మనిషి.

"లారీ గుద్దిన పొద్దు నేనే దించినా. బిడ్డకు ఉద్యోగం వస్తాది, దాని ఎత్తుకు పెట్టు అన్నాడు మీ నాయన. తాను ఎక్కితే మోకాళ్లు హాండిలుకు తగులుతాండాయి. ఇన్ని దినాలు నీకు చెప్పనీకి నోరు రాలే."

ఆ సాయంత్రం సైకిలు వంకరటింకరగా పోతుంటే చూసినవాళ్లు తాగి ఉన్నాడన్నారు. లూదియా నమ్మింది. సమాధుల తోటలో నాయనను పూడ్చేటప్పుడు ఆమె ఏడవలేదు.

"తాగినాడా మామా?"

"ఈడ టీ తాగినాడు. అంతే."

"మరి తోసుకొని రావచ్చు గదా?"

"నేనూ అదే అంటి. నడిస్తే ఆలస్యమైతాదంట, నువ్వు చర్చికి పోకముందే ఇంటికొచ్చి నీకు చూపియాలంట."

లూదియా సీటు దిగలేదు. పాదాలు నేలకు ఆనించి అట్లాగే కూర్చుంది.