మీసానికి నలభై కంప్యూటర్లు

దొంగ ఎవరో హరనాథబాబుకు తెలుసు. ఏం పోయిందో మాత్రం తెలియదు.

2004లో అతను బాన్సువాడలో, బోధన్ రోడ్డు మీదున్న తన పాత రైసుమిల్లు గోదాములో నలభై పెద్ద కంప్యూటర్లు పెట్టించాడు. యానిమేషన్ సినిమా తీయడానికి. సినిమాలో రాకుమారుడికి తన ముఖమే ఉండాలనీ, ఆ ముఖానికి తన మీసమే ఉండాలనీ షరతు. నలభై యంత్రాలూ కలిసి బొమ్మలు తయారుచేసే చోటును రెండర్ ఫామ్ అంటారని గేటుకు బోర్డు కట్టిస్తే, దారినపోయేవాళ్ళు ఆగి గుడ్లు ఎంతకిస్తారని అడిగారు. వాళ్ళను చూసి హరనాథబాబు జాలిపడ్డాడు. అతను లోకంలో చాలామందిని చూసి జాలిపడేవాడు.

సినిమా పనంతా మంజులతది. రుద్రూర్‌లో కూలీల ఇంట్లో పుట్టి, హైదరాబాద్‌లో యానిమేషన్ నేర్చుకున్న పిల్ల. దర్శకురాలివి నువ్వేనని పిలిపించి, ఆర్నెల్లు తిరక్కుండానే అతను పోస్టరు వేయించాడు. కథ, మాటలు, దర్శకత్వం: హరనాథబాబు. ఆమె పేరు ఎక్కడా లేదు.

“నా పేరేది సార్?” అని అడిగింది.

“నీ పేరెందుకమ్మా? సినిమా చేసేది కంప్యూటర్లు. నువ్వు మీట నొక్కుతావు. మిక్సీ మీట నొక్కే పనిమనిషి పేరు మేం శుభలేఖలో వేయిస్తామా?”

మంజులత ముఖం కందిపోయింది. మర్నాటి నుంచి గంట ముందే పనికి రాసాగింది. పిల్లకు బుద్ధొచ్చిందనుకున్నాడు హరనాథబాబు.

రెండేళ్ళు గడిచాయి. సినిమా పదకొండు నిమిషాలు దాటలేదు. జనరేటరు మాత్రం డ్రమ్ములకు డ్రమ్ములు డీజిలు తాగుతోంది. ఆ నలభై డబ్బాలకూ తెరలుండవు, పచ్చ దీపాలు తప్ప. తెర ఉన్నది మంజులత బల్ల మీదే. అతను ఎప్పుడు తొంగిచూసినా అందులో రాకుమారుడు మీసం దువ్వుకుంటూ ఉన్నాడు.

ఇంకేముంది, లోపలి సామాను పీకి అమ్ముకుంటోందని తేల్చుకున్నాడు. కూలీల పిల్ల ఇంకేం చేస్తుంది? ప్రతి సాయంత్రం ఆమె సంచీ వెతకమని గేటు దగ్గరి గంగయ్యకు చెప్పి, తానే పక్కన నిలబడ్డాడు.

“దువ్వెన, టిఫిన్ డబ్బా. గంతే సార్. గీ పిల్ల ఏం ఎత్కపోతది?” అన్నాడు గంగయ్య.

“చెప్పులు విప్పించి చూడు.”

గంగయ్య తలెత్తలేకపోయాడు. “ఏమనుకోకు బిడ్డా.”

“నువ్వేం జేస్తవ్ కాకా, చూడు,” అంటూ మంజులత చెప్పులు విప్పింది. రోడ్డు మీద వర్ని బస్సు ఆగి ఉంది. కిటికీల్లోంచి అందరూ చూశారు.

చెప్పుల్లో ఏమీ దొరక్కపోయేసరికి అతను రాజేంద్రప్రసాద్‌కు కబురు పెట్టాడు. కంప్యూటర్లు బిగించిన ఇంజనీరు అతనే. రెండు నెలలకోసారి హైదరాబాద్ నుంచి వచ్చి వాటిని చూసిపోతుంటాడు. ఈసారి నలభై డబ్బాలూ విప్పి పరీక్షించాడు.

“ఒక్క స్క్రూ కూడా పోలేదండీ. పైగా ఒక్క మెషినూ నిమిషం ఖాళీగా లేదు. అన్నీ పూర్తి శక్తితో పనిచేస్తున్నాయి.”

“మరి నా సినిమా ఏదయ్యా?”

మంజులత లేచి నిలబడింది. “సెకను సినిమాకు ఇరవై నాలుగు బొమ్మలు కావాలె సార్. ఒక్క బొమ్మకు ఒక్క మెషిన్ నాలుగు గంటలు తీస్కుంటది. అందుల మీ మీసమాయె. ఏ వెంట్రుకకు ఆ వెంట్రుక, వెలుగు నీడ లెక్క కట్టాలె. మీసం తీసేద్దామా? జల్దీ అయితది.”

నాలుగు గంటలకొకటి చొప్పున నలభై మెషిన్లు రెండేళ్ళలో ఎన్ని బొమ్మలు చేస్తాయో హరనాథబాబు లెక్కవేసుకోలేదు. మీసం దగ్గరే ఆగిపోయాడు.

“మీసం జోలికి రావద్దు! ఎన్నేళ్ళయినా పట్టనీ,” అన్నాడు, మూతి మీద చెయ్యి వేసుకుని. చదువుకున్నవాడు కాబట్టి ఇంజనీరు సంచీని ఎప్పుడూ ఎవరూ వెతకలేదు. ఆ రోజు హరనాథబాబే దాన్ని, లోపలున్న డిస్కులతో సహా, స్వయంగా మోసుకెళ్ళి జీపులో పెట్టాడు.

మరుసటి ఏడాది హైదరాబాద్‌లో పిల్లల సినిమాల పండుగ జరిగింది. అసలు పనంటే ఎలా ఉంటుందో చూపించి సిగ్గు తెప్పిద్దామని మంజులతను వెంటబెట్టుకెళ్ళాడు.

ఆ రోజు వేసిన సినిమాలో, వరదకు కొట్టుకుపోయిన బాతుపిల్లను వెతుక్కుంటూ ఒక చిన్న పిల్ల కాలువ గట్టు వెంట నడుస్తుంది. అంతే కథ. డెబ్భై నిమిషాలు. నీళ్ళు అచ్చం నీళ్ళలాగే పారాయి. బాతుల ఈకల మీద తడి మెరిసింది. బాతుపిల్ల దొరికినప్పుడు హాల్లో పిల్లలు లేచి అరిచారు. హరనాథబాబు చేతిరుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక కోపం ముంచుకొచ్చింది.

“చూశావా? పనంటే ఇదీ! నువ్వూ ఉన్నావు, మూడేళ్ళు నా అన్నం తిని పదకొండు నిమిషాలు! పది జన్మలెత్తినా నీవల్ల అవుతుందా ఇది?”

తెర మీద పేర్లు పడుతున్నాయి. అతను చదవలేదు. తనది కాని పేరు చదివే అలవాటు అతనికి లేదు.

“అయినా నిన్నని ఏం లాభం? మెషిన్లుండాలి, మెషిన్లు! ఎవరి మెషిన్ల మీద చేశారో వెళ్ళి కనుక్కో.”

“మీవే సార్,” అంది మంజులత. “నలభైకి నలభై.”