ఎల్లప్ప చెప్పని మాట

“చెయ్యి అంటే?” పెన్సిల్ పట్టుకుని అడిగింది శకుంతల.

“లిమగు.”

“అది ‘నా చెయ్యి’ అన్నారుగా పెద్దాయనా! ఉత్త చెయ్యి?”

“ఉత్త చెయ్యి యాడుంటాదమ్మా? ఎవురిదో ఒకరిది కావల్ల. కడాన ‘గు’ తగిలిస్తే నాది. వేరే ఆయప్పదైతే లిమన.”

తిరుపతి యూనివర్సిటీలో భాషాశాస్త్రం చదువుతున్న శకుంతల, న్యూగినీ పక్క దీవిలోని కువానువా భాష వచ్చిన మనిషి వడమాలపేటలో ఉన్నాడని తెలిసి బస్సెక్కి వచ్చింది. యుద్ధంలో జపాను వాళ్లకు చిక్కిన సిపాయి ఎల్లప్ప చెర తప్పించుకుని, రెండేళ్లు అక్కడి పల్లెలో తలదాచుకున్నాడు. నలభై ఆరులో తిరిగొచ్చి నాగులమ్మను చేసుకున్నాడు.

“మాటకు ముందర చేరేవి కూడా ఉన్నాయా?”

“లేకేం! ‘ఉబు’ అంటే కొట్టేది. ముందర ‘వర్’ పెడితే వరుబు. ఒకర్నొకరు కొట్టుకునేది.”

“మా ఇద్దరికీ సరిపొయ్యేది అదొకటే!” వసారాలో చింతపండు గింజలు తీస్తూ అంది నాగులమ్మ. “ఆ పిట్టకూతలు రాసుకునేదానికి ఇంత దూరం వచ్చినావా తల్లీ?”

శకుంతల నవ్వి, చుట్టరికాల పేజీ తిప్పింది.

“నాన్న?”

“తమగు. నా నాయన.”

“బిడ్డ?”

ఆ దీవిలో ఓడ ఎక్కేనాడు తల్లి చంకలోంచి తనవైపు చేతులు చాచిన కన్నకూతురు ఎల్లప్ప కళ్లముందు నిలిచింది. ఆ సంగతి ముప్పై రెండేళ్లుగా నాగులమ్మకు తెలియకుండా దాచుకొచ్చాడు. కడుపు పండాలని ఏడుసార్లు కొండకు నడిచివెళ్లిన మనిషి ఆమె. ఇప్పుడు తెలిస్తే తట్టుకుంటుందా?

“మరిచిపోయినా.”

“అన్నీ చెప్పి, ఇదొక్కటే మరిచారా? ఇది లేకపోతే నా పట్టిక ముగియదు. కాస్త గుర్తు చేసుకోండి.”

“రాదంటే రాదమ్మా! ఆడ పిల్లకాయల్తో నాకేం పని?”

గొంతు పెరిగిందని తనకే తెలిసింది. శకుంతల చిన్నబుచ్చుకుని, ఆ గడి ఖాళీగా వదిలేసి పుస్తకం మూయబోయింది. ఎల్లప్పకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

“నతుగు,” అంది నాగులమ్మ తలెత్తకుండానే, “నిద్దట్లో జోకొడతా రోజూ పిలస్తాడు.”