చీటీలో తొమ్మిదో పేరు

"మీ అమ్మ పెట్టె సర్దమని రాత్రే చెప్పానా లేదా?" అని కటింగ్ మాస్టరు అరుస్తూనే వీపు గోక్కున్నాడు.

"చెప్పారు. నేను వినలేదు," అంది అతని భార్య. పోస్టాఫీసుకి వెళ్ళడానికి తయారైన మనిషి, చేతిసంచీ మంచం మీద పడేసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మా అమ్మ ఏమన్నా దుమ్మా ధూళా, దులిపి అవతల పారెయ్యడానికి?"

తొమ్మిది వారాలుగా ఆయనగారి ఒంటి మీద దద్దుర్లు. పొద్దున చేతుల మీద తేలతాయి, మధ్యాహ్నానికి మాయమవుతాయి, సాయంత్రానికి తొడల మీద లేస్తాయి. గుడ్డ మీద గీత గీసి కత్తెర వేస్తే వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి కదా, రోగాన్నీ అలాగే కత్తిరించేద్దామనుకున్నాడు. కొలతలు రాసుకునే చీటీ మీద వారానికో అనుమానం రాయడం, దాన్ని ఇంట్లోంచి తరిమెయ్యడం. గుడ్లు పోయాయి, పాలు పోయాయి. వేరుశనగలు, టమాటాలు, ఒంటిసబ్బు, ఉన్ని దుప్పటి, కిటికీలో పూలకుండీ పోయాయి. పాపం, ఏడేళ్ళుగా ఇంట్లో తిరుగుతున్న పిల్లి కూడా పోయింది. దద్దుర్లు మాత్రం ఇల్లు కదల్లేదు. ఇక తొమ్మిదో పేరు అత్తగారిది. చోద్యం కాకపోతే ఏమిటిది?

"ఆవిడ వచ్చిన నెలలోనే మొదలయ్యాయి," అన్నాడు మాస్టరు.

"కొత్త ఫ్యానూ ఆ నెలలోనే వచ్చింది. దాన్ని పీకెయ్యరేం?"

"ఫ్యాను తలకి నూనె రాసుకోదు. ఆ వాసన ఇల్లంతా ఉంటోంది." అత్తగారి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "కోపం తెచ్చుకోకండి అత్తయ్యగారూ. మీ అబ్బాయి దగ్గర రెండు నెలలుండి రండి."

మంచం అంచున కూర్చున్న అత్తగారి మొహం పాలిపోయింది. "ఎక్కడికైనా పంపించండి బాబూ, అక్కడికి మాత్రం వద్దు," అంది.

"ఎలా వెళ్తుంది?" భార్య అందుకుంది. "పెళ్ళాం మాట విని వేరు కాపురం పెట్టినవాడు మా అన్నయ్య! ఏడాదై అమ్మని ఒక్కసారి ఫోన్లో కూడా పలకరించలేదు. వాడి గుమ్మం ముందు దింపి రమ్మంటారా? సిగ్గుండాలి!"

"ముందు స్పెషలిస్టుకి చూపించుకోండి బాబూ," అంది అత్తగారు. "ఆరు వారాలు దాటినా తగ్గకపోతే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. మూడు వారాలుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నాను."

"మందులషాపు మాత్ర వేసుకుంటున్నాగా. స్పెషలిస్టు ఏమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డాడా?"

అంతే, భార్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. "లేవండి. ఇప్పుడే వెళ్తున్నాం. కారణం మా అమ్మేనని డాక్టరంటే ఆ పెట్టె నేనే మోసుకెళ్ళి బస్సెక్కిస్తాను. కాదంటే మాత్రం, ఈ ఇంట్లో ఆ మాట మళ్ళీ వినపడకూడదు!"

చర్మం డాక్టరమ్మ అతని చేతులు తిప్పి చూసింది. "ఒక్కో దద్దురు ఎంతసేపుంటుంది?"

"పూటలో పోతుందండీ. ఇంకోచోట లేస్తుంది."

"పెదాలు, నాలుక వాయడం, ఊపిరాడకపోవడం ఉన్నాయా?"

"లేవండీ."

"అవి వస్తే వారాలు లెక్కపెడుతూ కూర్చోకూడదు, తక్షణం ఆసుపత్రికి పరిగెత్తాలి. జ్వరం? కీళ్ళనొప్పులు? దద్దురు పోయిన చోట మచ్చ?"

"ఏమీ లేవు. దురదే, తొమ్మిది వారాలుగా."

"మరి ఆరు దాటగానే ఎందుకు రాలేదు?"

"కారణం వెతుకుతున్నానండీ," అంటూ మాస్టరు గర్వంగా చీటీ విప్పి బల్ల మీద పెట్టాడు.

డాక్టరమ్మ పైనుంచి కిందికి చదివింది. అట్టడుగున ఆగింది. "అత్తగారా? అంటే మనిషేనా?"

"మా అమ్మండీ!" అంది భార్య.

"ఏమయ్యా, బుద్ధుందా?" డాక్టరమ్మ చీటీ మీద చేత్తో కొట్టింది. "ఇన్ని వారాలు సాగే దద్దుర్లకి చాలామందిలో బయట కారణమే దొరకదు. ఒళ్ళే తనంతట తాను రేపుకుంటుంది. సరైన మందు సరైన మోతాదులో వాడితే అదుపులోకి వస్తాయి. గుడ్లు తినండి, పాలు తాగండి, పిల్లిని తెచ్చుకోండి. ఆవిడ పేరు మాత్రం నా కళ్ళముందే కొట్టెయ్యండి!"

మాస్టరు తలొంచుకుని కొట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు పెట్టె సర్దుకుని, చెప్పులు కూడా వేసుకుని కూర్చుని ఉంది. మాస్టరు ఆ పెట్టె తీసుకెళ్ళి మళ్ళీ ఆవిడ గదిలో పెట్టి వచ్చాడు. "మీరెక్కడికీ వెళ్ళద్దు అత్తయ్యగారూ. బుద్ధి గడ్డితిని అన్నాను. క్షమించండి."

భార్యకి అది చాల్లేదు. దారి పొడుగునా ఉడుకుతూనే వచ్చింది మరి. "క్షమించడమేమిటి, అంత తేలికా? అమ్మా, నువ్వే చెప్పు. ఒంటి మీద నాలుగు దద్దుర్లు లేచాయని ఇంట్లో మనిషిని గెంటేసేవాళ్ళని నీ జన్మలో ఎక్కడైనా చూశావా?"

అత్తగారు వేసుకున్న చెప్పుల వైపే చూస్తూ నెమ్మదిగా అంది.

"మీ వదిన వేరు కాపురం కోరి వెళ్ళలేదే. నిరుడు నాకివే దద్దుర్లు లేస్తే, దానివల్లేనని నేనే గెంటేశాను."