సాక్షి సంతకం

"నా తదనంతరం ఈ ఇల్లు నా మేనకోడలికే చెందాలి" అని చదివి లాయరు గారు నా వైపు చూశారు. పక్కనే కూర్చున్న మామయ్య కొడుకు పళ్ళు పటపటా కొరికాడు.

లాయరు పేజీ తిప్పి ఆగిపోయారు. "కింద సాక్షి సంతకం నీదేనామ్మా?"

"నాదేనండీ. బయటివాళ్ళని నమ్మనని మామయ్యే దగ్గరుండి పెట్టించాడు."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఆస్తి ఎవరికి రాశారో వాళ్ళు సాక్షిగా ఉండకూడదమ్మా. కోర్టు ఒప్పుకోదు. ఇల్లు కొడుక్కే వెళ్తుంది."

బావ కుర్చీలో హాయిగా వెనక్కి వాలాడు.

మంచాన పడ్డ మనిషికి జావ తాగించిందీ, పక్కబట్టలు ఉతికిందీ నేను. ఒళ్ళు హూనమై నేను విసుక్కున్నప్పుడల్లా, "ఇల్లు నీదేనే పిచ్చిమొహమా, ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు" అని బుజ్జగించేవాడు మామయ్య. పట్టాను.

"పాపం, పెద్దాయనకి ఈ రూలు తెలిసుండదు" అన్నారు లాయరు జాలిగా.

నేను ఆ వీలునామాని ముందుకు లాక్కుని నా సంతకం చూసుకున్నాను.

"మంచాన పడేదాకా రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చుని, అందరికీ వీలునామాలు రాసిపెట్టింది మా మామయ్యేనండీ."