పంపేసిన అయిదుగురు

"ఆ ఆటను ఈ పూటే తీసేయించు నాయనా. నాకింక అక్కర్లేదు."

ఉష ఆ మాట నవ్వుతూ అన్నది. రెండు నెలల తరువాత కూతురి ముఖాన నవ్వు చూసిన ఈశ్వరప్పకు ప్రాణం లేచివచ్చింది.

కుప్పంలో ఇంజనీరింగు చదువుతూ నాలుగు సబ్జెక్టులు తప్పి పుంగనూరుకు తిరిగి వచ్చిన నాటి నుంచి ఆమె గది విడిచి రాలేదు. కంప్యూటరులో ఏదో ఆట. అందులో కోటలు, మంత్రగాళ్లు, వెంట నడిచే ఒక జట్టు. తల్లి లేని పిల్లను మందలించడానికి ఈశ్వరప్పకు భయం. ఆ గది తలుపు తట్టడానికీ భయమే.

ఆమె మనసు మారకముందే పని కానిద్దామని, కంప్యూటరు మీద అంటించి ఉన్న మదనపల్లె రిపేరు దుకాణం నంబరుకు ఫోను చేశాడు.

"ఆట వద్దన్నది నువ్వా, పాపనా?" అవతలి గొంతు అడిగింది.

"పాపే."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "వస్తాండాను."

గంటన్నరలో ఆటో దిగిన మనిషికి అరవై ఏళ్లుంటాయి. పంచె కట్టు. చేతిలో సంచీ కూడా లేదు.

"మహేష్ కంప్యూటర్స్ అని రాసుండాదే. మహేషంటే నువ్వేనాప్పా?"

"కాదు. నా పేరు చెంగల్రాయుడు. పాప యాడుండాది?"

అతడు కంప్యూటరు ముందు కూర్చుని ఉష వైపు తిరిగాడు. "నువ్వే ఆన్ చెయ్ పాపా. మీట యాడుంటాదో నాకు తెలీదు."

"బలే మెకానిక్కు దొరికినాడు! మీట సూపించినందుకు మాకేమన్నా కూలి ఇస్తావా అప్పా?" అన్నాడు ఈశ్వరప్ప.

చెంగల్రాయుడు తెర వైపు తిరిగాడు. ఆట తెరుచుకున్న తరువాత మాత్రం అతని వేళ్లు తడబడలేదు.

"జట్టులోకి ఎవుర్నెవుర్ని తీసుకున్నావు పాపా?"

"కత్తివీరుడు, విలుకత్తె, వైద్యురాలు, దొంగ. ఇంకా కుంటి పాటగాడు."

"పాటగాడా! కొట్లాటకు పనికిరాడని వాణ్ని ఎవురూ తీసుకోరే?"

"చలిమంట కాడ వాడుంటేనే తాతా, మిగిలినోళ్లు నోరు తెరిచేది. వాళ్ల కతలన్నీ అప్పుడే బయటికొస్తాయి. ఆ కతల కోసమే నేను ఆడేది."

ఉష కళ్లలో ఒక్క క్షణం వెలుగు కనిపించింది.

"మరి వాళ్లంతా యాడ?"

ఆమె తల వంచుకున్నది.

తెర మీద మంచుకొండ ముందు ఉష ఆడే మనిషి ఒక్కతే నిలిచి ఉన్నది. చేతిలో ఆయుధం లేదు. భుజాన మూట లేదు.

ఆటలోని డైరీని తెరిచి చెంగల్రాయుడు అక్షరం అక్షరం చదివాడు. ఉన్నట్టుండి లేచి, ఈశ్వరప్పను వరండాలోకి లాక్కొని వచ్చాడు.

"అప్పా, ఆట అయిపోలేదు. ముందర ఇంకో కోట ఉండాది. దాని మీదికి పోయేవాళ్లు మందులన్నీ వైద్యురాలి చేతిలో పెట్టి ఇంటికి పంపరు. పాప నిన్న అయిదుగుర్నీ పంపించేసింది. కత్తి ఒకరికి, గుర్రం ఒకరికి. ఆ పాటగాడికి కప్పుకునే దుప్పటి గూడా ఇచ్చేసింది."

"ఆటేగదప్పా!"

"ఆటే. ఆడ మాత్రం మనసులోది దాసుకోలేకపోయింది. ఈ దినం పాపను ఒక్కదాన్నే వొదలొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా."

ఈశ్వరప్ప గది వైపు భయంగా చూశాడు. ఆ భయమే మరుక్షణం కోపమైంది.

"మీట తెలీనోడివి, నా బిడ్డ మనసు నీకు తెలుసునా? ఆట తీసేదుంటే తీయి. లేకుంటే నడువు!"

"తీయను. పాపను తలుపు గడియ మాత్రం పెట్టుకోనియ్యొద్దు."

ఈశ్వరప్ప అతని రెక్క పట్టుకుని గేటు బయటికి నెట్టాడు. మడిచి ఇవ్వబోయిన ఆటో చార్జీని కూడా అతడు తీసుకోలేదు.

ఈశ్వరప్ప రొప్పుతూ లోపలికి వచ్చాడు.

గది శుభ్రంగా ఉన్నది. పుస్తకాలు దారంతో కట్టి ఉన్నాయి. కట్ట మీద పక్కింటి అర్చన పేరు. పొద్దున దాన్ని చూసి, పిల్లకు బుద్ధి కుదిరిందని మురిసిపోయాడు. చేతి వాచీని పనిమనిషి కూతురికి ఇచ్చేసిందని అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఉష తలుపు మూస్తున్నది.

అతడు తలుపు సందులో చేయి పెట్టాడు. వేళ్లు నలిగాయి. చేయి తీయలేదు.

"మండీలో పనికి పోలేదా నాయనా?"

"పోను." గడప మీదనే కూలబడ్డాడు. "ఆ అయిదుగుర్నీ యాల పంపించేసినావమ్మా?"

ఆమె తలుపు వదిలేసింది.

"వాళ్లు సూడగూడదని నాయనా," అన్నది ఉష. ఆ తరువాత చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆ సాయంత్రం ఈశ్వరప్ప ఇంట్లోని తలుపుల గడియలన్నీ ఊడదీశాడు. మర్నాడు కూతురిని డాక్టరు వద్దకు తీసుకువెళ్లాడు. పది రోజులకు ఆమె తనంతట తానే అన్నం అడిగి పెట్టించుకున్నది.

ఆ మరునాడే, ఆమెకు తోడుగా తన అక్కను కూర్చోబెట్టి, క్షమాపణ చెప్పుకోవడానికి మదనపల్లెకు బయలుదేరాడు.

దుకాణం షట్టరు మూసి ఉన్నది. బోర్డు లేదు. చెంగల్రాయుడు ఎక్కడని అడిగితే, పక్కనే టీ కొట్టు నడిపే గంగులమ్మ తల అడ్డంగా ఊపింది.

"మొన్ననే తాళాలు ఓనరుకిచ్చేసి పోయినాడప్పా. యాడికని ఎవురికీ సెప్పలేదు."

"ఇంత పెద్ద పనోడు దుకాణం మూసేసినాడా? ఉంటే ఇంకెవుర్నన్నా కాపాడతాడే!"

"పనోడా?" గంగులమ్మ గ్లాసు కింద పెట్టింది. "దుకాణం ఆయన కొడుకు మహేష్‌ది. పోయినేడు చేతులారా తన పానం తానే తీసుకున్నాడు. ఈ పెద్దాయనకు కంప్యూటరంటే ఏం తెలుసప్పా, ఆర్నెల్లు లోపల కూర్చోని, కొడుకు ఆడతా వొదిలేసిన ఆట ఒక్కటే నేర్సుకున్నాడు, సివరి దినం వాడు తన జట్టోళ్లందర్నీ యాల ఇంటికి పంపించేసినాడో తెలుసుకోవాలని."